పొద్దటి మందు

నాకు మురికి పడదు. మా ఊళ్లో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు, కొంచెం మూతి తిప్పుకుంటూ చెబుతారు. బషీరాబాద్ మండలంలో అంచున ఉన్న ఊరు మాది. నాలుగు పొలాలు దాటితే కన్నడం వినిపిస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్నాను. నా సెంటర్ గడప దాటే పిల్ల ఎవరైనా ముందు గోళ్లు చూపించాలి, తర్వాత అరచేతులు, ఆ తర్వాత చెవుల వెనక. "నాగరాణి టీచర్ కాడికి పిల్లల్ని ఉడకబెట్టి తోలాలె" అని తల్లులు నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. నా సెంటర్లో పిల్లలకు విరేచనాలు తక్కువ.

ఇది నేను కడిగిన ఒక చెయ్యి గురించి. కడగకూడని చెయ్యి. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. కానీ జంగమ్మ ఎలాంటి మనిషో చెప్పాలంటే నా తప్పు దాచిపెట్టి చెప్పడం కుదరదు.

జంగమ్మది గొర్ల కాపరుల ఇల్లు. ఆమెకు అరవై దాటాయి. భర్త బీరన్న, కొడుకు మల్లేశ్, కోడలు, నాలుగేళ్ల మనవరాలు అంబిక. వంద పైచిలుకు గొర్లు, రెండెకరాల కంది చేను. అంబికకు రెండున్నరేళ్లప్పుడు జ్వరమేమీ లేకుండానే ఫిట్స్ వచ్చాయి. ఒక్క నెలలో మూడుసార్లు. వికారాబాద్‌లో పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇది మూర్ఛ వ్యాధి, భయపడాల్సింది లేదు, కానీ పొద్దునా రాత్రీ మందు పడాలి, ఒక్క పూట కూడా తప్పకూడదు అన్నాడు. రెండేళ్లు వరసగా ఒక్క ఫిట్ కూడా రాకపోతే, అప్పుడు మందు మెల్లమెల్లగా తగ్గించే సంగతి ఆలోచిద్దామన్నాడు.

ఆ రెండేళ్ల మాటను జంగమ్మ గట్టిగా పట్టుకుంది.

ఆమెకు అక్షరం ముక్క రాదు. మందు సీసాతో ఇచ్చిన సూది లేని సిరంజి మీద గీతలుంటాయి కదా, అంబికకు మూడో గీత దాకా పోయాలి. సిరంజిని కంటికి ఎదురుగా పట్టుకుని, వేలితో రెండుసార్లు తట్టి, గాలి బుడగ పైకి వచ్చాక దాన్ని బయటికి నెట్టి, మళ్లీ చూసుకుని అప్పుడు పోస్తుంది. మొదటిసారి ఆమె చేత తీయించి చూసిన వికారాబాద్ డాక్టరు ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాడట. "గొర్లకు నట్టల మందు తాపుతం గద సారూ" అందట. "బరువును చూసి తాపాలె. తక్కువైతే కడుపుల నట్టలు సావయి, ఎక్కువైతే గొర్రె సస్తది." డాక్టరు ఆ తర్వాత ఆమెకు మందు గురించి వేరే పాఠం చెప్పలేదట. ఈ ముచ్చట కోడలు నాకు చెప్పింది. విని నేను మెచ్చుకోలేదు. అప్పటికి జంగమ్మ మీద నాకు కొంచెం గుర్రుగా ఉంది.

ఆ గుర్రుకూ కారణం ఉంది. నెలనెలా పిల్లల బరువు తూచి రాయడం నా పని. ఒకసారి అంబికను తూచి పన్నెండు కిలోలని రాసుకుంటుంటే, జంగమ్మ పిల్లను చంకలోకి ఎత్తుకుని ఒకసారి ఎగరేసి పట్టుకుని, "నీ కాంటా తప్పు టీచరమ్మా. పదమూడు మీదనే ఉంటది" అంది. పదిమంది తల్లుల ముందర అంది. నాకు ఒళ్లు మండిపోయింది. కిలో రాళ్లు తెప్పించి పెట్టి చూస్తే కాంటా నిజంగానే కిలోకు పైగా తక్కువ చూపిస్తోంది. బ్యాటరీ అయిపోవచ్చిందట. "బరువు తప్పు రాస్తే రేపు డాక్టరు మందు తప్పు రాస్తడు" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. నిజం చెప్పిన మనిషి మీద కోపం ఎక్కువకాలం ఉంటుంది.

మందు మొదలుపెట్టాక అంబికకు ఒకే ఒక్కసారి ఫిట్స్ వచ్చాయి. దోమ అనే ఊళ్లో చుట్టాల పెళ్లికి పోయి సీసా ఇంట్లో మరిచిపోయారు. రెండు పూటలు తప్పింది, మూడో పూటకు వచ్చేసింది. జంగమ్మే పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టనీయకుండా, చుట్టూ మూగిన వాళ్లను తిట్టి తరిమి, అయిపోయేదాకా పక్కనే కూర్చుందట. లెక్క మొదటికి వచ్చింది. ఆ రోజు నుంచి సీసా ఆమె సంచిలోనే ఉంటుంది. గొర్లతో పోయినా, సంతకు పోయినా, నా సెంటర్‌కు గుడ్లు తీసుకోవడానికి వచ్చినా సంచి భుజం మీదే ఉంటుంది. ఇంట్లో గూట్లో ఇంకో సీసా. అట్లా పదకొండు నెలలు ఒక్క ఫిట్ లేకుండా లాక్కొచ్చింది.

పదకొండో నెలలో కోడలు రెండో కాన్పుకు సేడం దగ్గర పుట్టింటికి పోయింది. అంబిక కూడా తల్లితో పోయి వారం ఉండి, నాలుగు కన్నడ మాటలు నేర్చుకుని తిరిగొచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది. అప్పటిదాకా మందు అత్తాకోడళ్ల చేతుల మీదుగానే నడిచేది. ఇప్పుడు మూడు చేతులయ్యాయి. మంద పొలాల్లోనే ఉంటుంది కాబట్టి బీరన్న, మల్లేశ్, జంగమ్మ వంతులేసుకుని అక్కడ పడుకుంటారు. ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లు మందు పోయాలి. నువ్వు పోశావనుకుని నేను, నేను పోశాననుకుని నువ్వు. అలా అయితే పూట తప్పుతుంది, లేదా రెండుసార్లు పడుతుంది.

సోమవారం అంబిక సెంటర్‌కు వచ్చినప్పుడు కుడి చేతి మణికట్టు మీద బిళ్లంత ఎర్రటి గుర్తు ఉంది. జాజు రంగు, గోడలకు పూసే ఎర్రమన్ను. అదేమిటో నాకప్పుడు తెలియదు, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. గొర్లకు నట్టల మందు తాపేటప్పుడు, తాపిన గొర్రెకల్లా నెత్తి మీద రంగు పూస్తారు. వంద గొర్లలో ఏది తాగింది, ఏది తాగలేదు అన్న గందరగోళం ఉండదు. రంగున్న గొర్రెను ఎవరూ మళ్లీ పట్టుకోరు. జంగమ్మ అదే పద్ధతి మనవరాలికి పెట్టింది. పొద్దటి మందు పోసినవాళ్లు కుడి చేతి మీద, రాత్రి మందు పోసినవాళ్లు ఎడమ చేతి మీద గుర్తు పెట్టాలి. నీళ్లకు పోకుండా జాజును ఆముదంలో కలిపింది. పొద్దున పిల్ల లేవగానే పాత గుర్తులు రెండూ నూనె గుడ్డతో తుడిచేయాలి. అంతే. ఫోన్లు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడనక్కర్లేదు.

నాకు మాత్రం అది చూడగానే ఏమనిపించిందో చెప్పనా? ఫిట్స్ వచ్చే పిల్ల కదా, తల్లి ఊళ్లో లేని సమయం చూసి ఈ ముసలావిడ ఎవరో చెప్పిన మాట విని ఏదో పూయించింది, అనుకున్నాను. ఇలాంటి జబ్బున్న పిల్లల్ని ఎక్కడెక్కడ తిప్పుతారో, ఏమేమి కడతారో పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నదాన్ని. సోమవారం ఊరుకున్నాను. మంగళవారం ఆ రంగు తెల్లటి పళ్లేనికి అంటింది, గోడ మీద వేసిన బొమ్మకు అంటింది. బుధవారం నా ఓపిక అయిపోయింది.

తొమ్మిదిన్నరకు అంబికను కుళాయి దగ్గరికి తీసుకుపోయాను. ఉత్త నీళ్లకు అది కదల్లేదు. గిన్నెలు తోమే పీచు, బట్టల సబ్బు తెచ్చి రుద్దాను. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంటూ, "బ్యాడ టీచర్, బ్యాడ" అంది. కన్నడంలో వద్దని. "నాయినమ్మ తిడతది."

"మీ నాయినమ్మకు నేను చెప్తగానీ, నువ్వు ఊకో. రోగం మందుతోని పోతది, రంగుతోని పోదు" అన్నాను, నాలుగేళ్ల పిల్లకు ఉపన్యాసం ఇస్తూ. చర్మం ఎర్రబడేదాకా కడిగి, తువ్వాలుతో తుడిచి, నా పనిలో పడిపోయాను. జంగమ్మకు చెబుతానన్నది మళ్లీ గుర్తు రాలేదు.

పదకొండు గంటలకు జంగమ్మ వచ్చింది. ముందురోజు రాత్రి ఆమెది మంద దగ్గర వంతు. ఇంట్లో మల్లేశ్ ఉండి, పొద్దున పిల్లను సెంటర్లో దింపి, తల్లి స్థానంలో గొర్ల దగ్గరికి పోయాడు. జంగమ్మ వస్తూనే పిల్ల కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఎడమది చూసింది. నేను గోడకానుకుని ఫోన్లో పిల్లల హాజరు ఎక్కించుకుంటున్నాను. నెట్ రాక తిప్పలు పడుతున్నాను.

"పొద్దుగాల మందు తాగినవా?" అని మనవరాలిని అడిగింది. అంబిక తల ఊపింది.

"నిన్న రాత్రి గొర్రెపిల్ల నీతోని మాట్లాడిందా?" అంబిక దానికీ తల ఊపింది.

జంగమ్మ నవ్వలేదు. మల్లేశ్‌కు ఫోన్ చేసింది. గొర్లు మేసే దిక్కున సిగ్నల్ ఉండదు. ఒక పూట ఆలస్యమైతే గుర్తొచ్చిన వెంటనే వేయండి అని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. సంచిలోంచి సీసా తీసింది. మూడో గీత దాకా తీసి పోసింది. "ఏంది, ఇప్పుడు మందు?" అన్నాను ఫోన్లోంచి తలెత్తకుండా. "పొద్దటిది. మల్లేశ్ మర్సిపోయిండు" అంది. మగవాళ్లింతే అనుకున్నాను. నేను కడిగిన చేతికీ, ఆమె పోసిన మందుకూ సంబంధం ఉందని నా బుర్రకు తట్టలేదు. గుర్తు పెట్టి, గుడ్లు తీసుకుని ఆమె వెళ్లిపోయింది. చేతి మీద మళ్లీ రంగు చూసి నేను పళ్లు కొరుక్కున్నాను.

అన్నం తిన్నాక పిల్లలు పడుకుంటారు. మూడింటికి అందరూ లేచారు, అంబిక లేవలేదు. పిలిచాను, కుదిపాను. కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంది. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయింది. అంతలోనే వాంతి చేసుకుంది. నా గొంతులోంచి వచ్చిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. జంగమ్మ ఎప్పుడొచ్చిందో కూడా చూడలేదు. పిల్లను పక్కకు తిప్పి, నోరు తుడిచి, రొమ్ము మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసింది. "ఆటో" అంది.

తాండూరు మలుపు దగ్గర నిలబడే అజమత్ ఆటో దొరికింది. మిగతా గిరాకీని దింపేసి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. "ఫికర్ నక్కో కరో అమ్మా, జల్ది తీస్కపోత" అంటూ దారంతా హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు. జంగమ్మ పిల్లను ఒడిలో పక్కకు తిప్పి పట్టుకుని, దాని ఊపిరినే చూస్తూ కూర్చుంది. నేను దాని కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. ఎవరో ఒకరు పక్కన ఉండాలి కదా, అందుకని వచ్చాననుకున్నాను.

తాండూరు దవఖానాలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నాడి, ఊపిరి, కళ్లు అన్నీ చూసి, రక్తం తీయించి, అప్పుడు జంగమ్మ వైపు తిరిగింది.

"ఫిట్స్ మందు వాడుతున్నారు కదా. ఇవాళ ఎప్పుడు వేశారు?"

జంగమ్మ సీసా చూపించింది. "పొద్దటిది తప్పింది డాక్టరమ్మా. పదకొండు గంటలకు పోసిన."

"ఎవరూ చూడనప్పుడు నిద్రలో ఫిట్ వచ్చి ఉండొచ్చు. వచ్చి తగ్గాక పిల్లలు ఇట్లనే మత్తుగా పడి ఉంటరు. అదే అయితే ఈ డోసు సరిపోతలేదన్నట్టు. పెంచాల్సి ఉంటది."

"పదకొండు నెలలైంది డాక్టరమ్మా" అంది జంగమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదటిసారి. "మల్ల మొదటికెనా?"

డాక్టరమ్మ ఏదో అనబోయింది. అంతలో మల్లేశ్ వచ్చాడు. ఎవరో మంద దాకా పోయి చెప్పారట, కాళ్లనిండా దుమ్ముతో బండి మీద వచ్చాడు. వాడు లోపల అడుగు పెట్టగానే జంగమ్మ లేచి భుజం మీద ఫెడీమని కొట్టింది.

"ఒక్క పూట నీకు అప్పజెప్తే గింత పని జేస్తవారా? పదకొండు నెలలు మట్టిల కలిపినవ్ గదరా!"

"పోసిన అవ్వా! ఎనిమిదింటికి పోసిన. రంగు గూడ పెట్టిన."

"ఏదిరా రంగు? నేను సూసినప్పుడు లేకపాయె. నా కండ్లు పోయినయా?"

"అవ్వా, నా బిడ్డ మందు నేను మర్సిపోతనా?" అన్నాడు మల్లేశ్. ముప్పయ్యేళ్ల మనిషి గోడకు తిరిగి ఏడ్చాడు. ఎవరూ నమ్మలేదు. సెల్ ఫోన్ నుంచి చెప్పుల దాకా ఎక్కడపడితే అక్కడ మరిచిపోయే మనిషని ఊరంతటికీ తెలుసు.

డాక్టరమ్మ రంగేమిటని అడిగింది. జంగమ్మ చెప్పింది. గొర్లు, నట్టల మందు, నెత్తి మీద రంగు, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. నాలుగు మాటల్లో చెప్పింది. ఆ నాలుగు మాటలు వింటుంటే నాకు పొద్దటి కుళాయి, పీచు, సబ్బు గుర్తొచ్చాయి.

ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు సులువయ్యేది. నన్నెవరు అనుమానిస్తారు? శుభ్రం నేర్పే టీచర్ని. నేను నోరు మూసుకుంటే ఇది మల్లేశ్ మతిమరుపుగా మిగిలిపోతుంది. చెబితే ఊరు ఊరంతా చెప్పుకుంటుంది, సూపర్‌వైజరు దాకా పోతుంది, ఉద్యోగమే ఉంటుందో ఊడుతుందో. పిల్ల ఎలాగూ లేస్తుంది, డాక్టరమ్మ ఉంది కదా, అని నాకు నేనే చెప్పుకున్నాను. మీ దగ్గర దాచడం ఎందుకు, చెప్పకూడదనే అనుకున్నాను. ఒక నిమిషమో రెండు నిమిషాలో. ఇవాళ్టికీ ఆ రెండు నిమిషాలు తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

డాక్టరమ్మ చీటీ ముందుకు లాక్కుని పెన్ను మూత తీసింది. పిల్ల ఒంట్లో ఇప్పటికే ఎక్కువైన మందును ఇంకా పెంచి రాయబోతోంది.

"రాయకండి డాక్టరమ్మా" అన్నాను. "మల్లేశ్ మందు పోసిండు. రంగు నేనే కడిగిన. పొద్దున తొమ్మిదిన్నరకు సబ్బు పెట్టి, పీచుతోని రుద్ది కడిగిన. పిల్ల వద్దన్నా కడిగిన."

జంగమ్మ నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను కూడా. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, నేను అక్కడ లేనట్టే డాక్టరమ్మ వైపు తిరిగిపోయింది.

"అయితే రెండుసార్లు పడ్డది డాక్టరమ్మా. ఎనిమిదింటికి మూడు గీతలు, పదకొండింటికి మూడు గీతలు. మొత్తం ఆరు. పిల్ల పదమూడున్నర కిలోలుంటది. పదకొండింటి తర్వాత అన్నం తిన్నది, ఒక్కసారి కక్కింది."

నేనైతే ఏం చేసేదాన్ని? ఎదుటి మనిషి జుట్టు పట్టుకునేదాన్ని. శాపనార్థాలు పెట్టేదాన్ని. నా నోటి సంగతి నాకు తెలుసు. ఈవిడ ముందు డాక్టరుకు కావలసినవన్నీ చెప్పింది. కోపం లేక కాదు, కోపానికి తర్వాత టైముందని. చదువు చదువు అని పద్దెనిమిదేళ్లుగా తల్లులకు చెబుతున్నాను. చదువుకున్న మనిషికి ఉండాల్సిన నిదానం ఆవేళ ఆ గదిలో జంగమ్మ ఒక్కదానికే ఉంది.

డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టి వికారాబాద్ డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడింది. తిరిగొచ్చి, భయం లేదు, మందు ఎక్కువైన మత్తే, సాయంత్రం దాకా ఊపిరీ నాడీ చూస్తూ ఇక్కడే ఉంచుదాం, ఈ రాత్రి మందు మానేసి రేపు పొద్దున్నుంచి మామూలుగా మూడో గీత దాకానే వేయండి అని చెప్పింది.

"అయితే ఫిట్స్ రానట్టేనా?" అని అడిగింది జంగమ్మ.

"రాలేదమ్మా."

"పదకొండు నెలలు పదకొండు నెలలే?"

"నీ లెక్క అట్లనే ఉన్నది" అని డాక్టరమ్మ నవ్వింది.

అప్పుడు జంగమ్మ గచ్చు మీద కూలబడి ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, పిల్ల లేస్తుందని చప్పుడు కాకుండా ఏడ్చింది. కాసేపటికి లేచి మల్లేశ్ దగ్గరికి పోయి, తాను కొట్టిన భుజాన్ని అరచేత్తో రుద్దింది. "చెయ్యి తొందరపడ్డది కొడుకా" అంది. "పిల్ల మంచిగున్నది గదనే అవ్వా, అది చాలు" అన్నాడు వాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వెళ్లిపోవడానికి ముఖం లేదు, ఉండడానికీ లేదు.

ఆరు గంటలకు అంబిక కళ్లు తెరిచింది. చుట్టూ చూసి, "నాయినమ్మా, ఆకలైతుంది" అంది. ఆ మాటకు నేను బయటికి పోయి, ఆటో పక్కన నిలబడి, అజమత్ చూస్తున్నాడని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. రాత్రికి అదే ఆటోలో ఊరికి తిరిగొచ్చాం.

మర్నాడు పదింటికి తల్లులందరూ గుడ్లకోసం వచ్చి ఉన్నప్పుడు జంగమ్మ సెంటర్‌కు వచ్చింది. అంబికను పిల్లల్లోకి పంపి నా ఎదురుగా నిలబడింది.

"నిన్న దవఖానల తిట్టలే. పిల్ల పండుకున్నది, లేస్తదని. ఇయ్యాల తిడత. నిలబడు."

నిలబడ్డాను.

"పద్దెనిమిదేండ్ల సంది మా ఇండ్లల్లకు వస్తున్నవ్. ఇంట్ల ఎంతమంది, ఎన్ని కిలోలు, ఆధార్ నంబరేంది, ఏం తిన్నరు, ఏడ ఏరిగిన్రు, అన్నీ అడుగుతవ్. గా ఎర్రదేంది జంగవ్వా అని ఒక్కమాట అడగరాదా? అడిగితే నీ నోరు అరుగుతదా? గొర్లు కాసేటోళ్లకు రంగు పూసుడే తెలుసు, మందు తెల్వదనుకున్నవా? ఎవనికో మొక్కి పూసిన్రనుకున్నవా? సెప్పు!"

"అనుకున్న" అన్నాను.

ఆ జవాబు ఆమె ఊహించలేదు. అబద్ధం చెబుతాననుకుందేమో. తర్వాత మళ్లీ అందుకుంది. నా సబ్బునూ, నా పీచునూ, నా కాంటానూ, నా పద్దెనిమిదేళ్ల సర్వీసునూ ఒక్కోదాన్ని పట్టుకుని కడిగేసింది. తల్లులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నేను ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా ఇంతసేపు నోరు మూసుకుని నిలబడలేదు. ఆమె అన్నదాంట్లో తీసేయాల్సిన మాట ఒక్కటి కూడా లేదు.

తిట్టడం అయిపోయాక బల్ల మీదున్న చెంబులోంచి నీళ్లు తాగింది. భుజం మీద సంచి దించి సీసా, సిరంజి బయట పెట్టింది.

"ఐతారం సంది మంద సేడం దిక్కు పోతది. ముసలోనికి మోకాళ్లు పట్టేసినయ్, ఒక్కడే తోలలేడు. నేను పోవాలె. మల్లేశ్ నాపరాయి గనిల కూలికి కుదిరిండు, ఆరింటికే పోవాలె. పోతా పోతా పిల్లను నీ ఇంట్ల దించుతడు. రాత్రి మందు వాడు పోస్తడు. పొద్దటిది ఎనిమిదింటికి నువ్వు పొయ్యాలె. పదిహేను దినాలు."

నేను విన్నది నిజమేనా అని ఆమె ముఖంలోకి చూశాను. అక్కడ వెక్కిరింపు లేదు.

"తియ్యి, సూస్త" అంది. "మూడో గీత."

తీశాను. "గాలి ఉన్నది. మల్ల తియ్యి." మళ్లీ తీశాను. "కిందికి పెట్టి సూస్తున్నవ్. కంటికి ఎదురుంగ పట్టు." మూడోసారి తీస్తుంటే మందు రెండు చుక్కలు బల్ల మీద పడ్డాయి. తల్లులంతా చూస్తున్నారు. సిరంజి కింద పెట్టేశాను.

"నాతోని కాదు జంగవ్వా. వేరే ఎవరికన్నా ఇయ్యి. నాకు భయమైతుంది."

జంగమ్మ సిరంజి తీసి మళ్లీ నా చేతిలో పెట్టి, నా వేళ్లను దాని చుట్టూ మూసింది.

"భయముండాలె టీచరమ్మా. భయం లేని చేతికి నా మనవరాలి మందు నేనియ్య."